బాలి నుంచి పాలంపేట దాకా

మార్చి 21 నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ జయంతి. "గురువారం కల్లా పేజీ పంపండి, ఫొటోలు మా దగ్గరున్నాయి" అని డెస్కు నుంచి ఫోను. రామప్ప, పేరిణి, పద్మశ్రీ అన్న మూడు మాటలుంటే ఆ పేజీ ఏటా దానంతటదే నిండుతుంది. నన్ను పట్టుకున్నది మాత్రం ఆయన జీవితచరిత్రలన్నీ ఒక్క వాక్యంలో దాటేసే సంగతి. 1923లో ఆయన పుట్టింది బాలి ద్వీపంలో.

బాలి అంటే మనకిప్పుడు హనీమూన్ ప్యాకేజీ. ఆ రోజుల బాలి వేరు. 1906లో బాదుంగ్ రాజకుటుంబం తెల్లబట్టలు కట్టుకుని డచ్చి తుపాకుల ముందుకు నడిచి వెళ్ళి ప్రాణాలిచ్చింది. 1908లో క్లుంగ్‌కుంగ్‌లోనూ అదే జరిగింది. కొలువులు కూలాక వాటి కంచు వాద్యాలు ఊళ్ళకు చేరాయి. కొన్నిటిని కరిగించి కొత్తవి పోయించుకున్నారు. 1915 ప్రాంతంలో ద్వీపం ఉత్తరాన పుట్టిన 'గోంగ్ కెబ్యార్' అనే దుడుకు బాణీ చూస్తుండగానే ఊరూరా పాకింది.

ఈ కంచు వాద్యాల గామెలాన్ అంటే ఒక వాద్యం కాదు, మేళం. కంచు పలకల వరసలు, వాటిని కొట్టే చిన్న సుత్తులు, వేలాడే పెద్ద గంటలు, అందరినీ నడిపించే డోలు. పలకల వాద్యాలు జంటలుగా ఉంటాయి. జంటలో ఒకదాని శ్రుతి కావాలనే రవ్వంత తగ్గిస్తారు; రెండూ కలిసి మోగితే నాదం అలలా కదులుతుంది. ఒకరు వదిలిన సందులో రెండోవారు కొడతారు. విడివిడిగా వింటే ఇద్దరిదీ అరకొరే. అన్నిటికన్నా నాకు నచ్చింది, చాలాచోట్ల ఆ వాద్యాలు 'బంజార్'వి, అంటే వాడకట్టు సంఘానివి కావడం. పొలం పని చేసుకునేవాళ్ళే రాత్రిళ్ళు కూర్చుని సాధన చేస్తారు. వాద్యాన్ని కాలితో దాటరు. 1927లో టాగూరు అక్కడికి వెళ్ళినప్పుడు గుళ్ళ ముందు చూసిన ఆటలకు వెనక మోగింది ఈ మేళమే.

ఆ మోత ఉయ్యాల్లో ఉన్న రామకృష్ణ చెవినబడిందని, అరవై ఏళ్ళకు అదే రామప్ప గుడిలో మారుమోగిందని కథ అల్లడం తేలిక. నేను అల్లను. చిన్నతనంలోనే ఈ దేశం వచ్చేసిన మనిషి ఆయన. పైగా అసలు కథే ఇంకా బాగుంటుంది.

అసలు కథలో మొదటి మనిషి ఏనుగుల దళపతి. కాకతీయ గణపతిదేవుడు దివిసీమను గెలిచి, అక్కడి అయ్య వంశం ఆడపడుచులు నారమాంబ, పేరమాంబలను పెళ్ళాడి, వాళ్ళ తమ్ముడు జాయపను వెంట తెచ్చుకున్నాడు. గజసాహిణిని చేశాడు. బావగారి ఏనుగులు చూసుకుంటూ ఆ బావమరిది 1253-54లో సంస్కృతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాలు, సగం శాస్త్రం చెప్పిన మార్గి, సగం ప్రాంతాల వాడుకలోని దేశి. సేనాపతులు గుళ్ళు కట్టించడం మామూలే. పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడూ సేనానే. పాదం ఎక్కడ పెట్టాలో, నడుం ఎంత వంచాలో రాసిన సేనాపతి మాత్రం నాకు ఇంకొకడు తెలియదు.

1323లో ఓరుగల్లు పడింది. అక్కడి నుంచి ఆరువందల ఏళ్ళు మీరూ నేనూ ఒక్క అంగలో దాటేద్దాం. దేశి ఆటలన్నీ ఒక్కరోజున పోలేదు. జంగాల్లో, జాతరల్లో, గుడి సానుల ఇళ్ళల్లో ముక్కలు ముక్కలుగా మిగిలాయి. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ చట్టం తెచ్చింది. దురాచారం పోయింది, దాంతోపాటు గుళ్ళో ఆటా పోయింది.

రామకృష్ణ మీనాక్షిసుందరం పిళ్ళై దగ్గర భరతనాట్యం, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి దగ్గర కూచిపూడి నేర్చారు. అక్కడితో ఆగినా పేరొచ్చేది. ఆగలేదు. గజ్జెలు అటకెక్కించిన వృద్ధ కళావంతుల గడపలు తొక్కారు. నాయుడుపేట రాజమ్మను గురువన్నారు. ఊళ్ళో పెద్దమనుషులు పేరెత్తడానికి సిగ్గుపడే రోజుల్లో ఆమె ముందు కింద కూర్చున్నారు. పద్మశ్రీ కన్నా నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక పేరిణి అనే దేశి ఆట. దీనికి రాజమ్మలాంటి గురువు లేదు. ఆడి చూపించేవాళ్ళే లేరు. చేతిలో ఉన్నవి రెండు: జాయప గ్రంథం, రామప్ప రాళ్ళు. గ్రంథాన్ని వి. రాఘవన్ పరిష్కరించగా 1965లో అచ్చయింది, తర్వాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు చేశారు. రాళ్ళు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉన్నాయి. చూరు కింద వాలుగా నిలిచిన నల్లరాతి మదనికలు, స్తంభాల మీద మద్దెలలు వాయించేవాళ్ళ వరసలు. ద్వారం పక్కన ఓ చెక్కడాన్ని గైడు గోటితో మీటి, స్వరాలు పలుకుతున్నాయి వినమంటాడు. చెవి ఆనిస్తే నిజంగానే సన్నగా మోగుతుంది. ఒక బొమ్మకూ పక్క బొమ్మకూ మధ్య కదలిక రాతిలో ఉండదు. దాన్ని రామకృష్ణే పూరించాలి. పూరించారు.

వీరులు యుద్ధానికి వెళ్ళేముందు శివుణ్ణి తమలోకి ఆవాహన చేసుకుని ఆడే ఆట ఇదని మనందరికీ తెలిసిన కథ. పాత శాస్త్రాలు తిరగేస్తే ఇంకో ముఖం కనబడుతుంది. శార్ఙ్గదేవుడి 'సంగీతరత్నాకరం'లో పేరణి ఆడేవాడు ఒంటికి తెల్లపొడి పూసుకుని, తల గొరిగించుకుని పిలక ఉంచుకుని, పిక్కలకు గజ్జెలు కట్టుకుంటాడు. ఆ గజ్జెలను కావలసినట్టు పలికించడం ఒక అంగం, పాట ఒకటి; మనుషులను అనుకరిస్తూ నవ్వించడం ఇంకొకటి. ఆ నవ్వు ఇప్పటి పేరిణిలో లేదు. వేదిక మీద శంఖాలు, డోళ్ళు, ఉరుము లాంటి అడుగులు, మగవాళ్ళ దండు. రామకృష్ణ వీరాన్ని ఎంచుకున్నారు. 1985 మహాశివరాత్రికి రామప్ప గుడిలోనే శిష్యుల చేత ఆడించారు. దాన్ని పునరుద్ధరణ అనే అంటాం. నా మట్టుకు అది ఆయన సృష్టి. ఇది తక్కువ చేసి చెప్పడం కాదు. బాలిలో పర్యాటకులకు అనాదిగా వస్తున్నదని చూపించే కెచక్ ఆట కూడా 1930లలో అక్కడి కళాకారులూ, జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పీసూ కలిసి ఈ రూపానికి తెచ్చిందే.

 2011 జూన్‌లో రామకృష్ణ వెళ్ళిపోయారు. 2014లో రాష్ట్రం రెండైంది. పేరిణి తెలంగాణ ఆట అయింది, కళావంతుల ఆట నుంచి ఆయనే నిలబెట్టిన ఆంధ్రనాట్యం పేరులోనే చిక్కుకుంది. 2021 జులైలో రామప్ప యునెస్కో జాబితాకెక్కింది. అదే ఏడాది డిసెంబరులో గామెలాన్ యునెస్కోదే ఇంకో జాబితాకెక్కింది. పేరిణి ఏ జాబితాలోనూ లేదు. ప్రభుత్వ సభల్లో మంత్రిగారు వచ్చేలోపు పది నిమిషాలు ఆడుతుంది.

హైదరాబాదు శివార్లలో మేముండే నాదర్‌గుల్ నుంచి పాలంపేట రెండువందల కిలోమీటర్ల పైమాటే. మా వైపు కాలనీల్లో పిల్లల డాన్సు క్లాసంటే ఎక్కువగా కూచిపూడే. బంజార్ మేళానికి దగ్గరగా మనకున్నది పేరిణి కూడా కాదు, బోనాలకూ మల్లన్న పట్నాలకూ దిగే ఒగ్గుడోలు. పదిమంది డోళ్ళు ఎగరేసి ఒక్క దరువు మీద దిగితే నేల అదురుతుంది. అయితే ఆ డోళ్ళు వాడకట్టువి కావు, కళాకారుల సొంతం. మనం గంటల లెక్కన మాట్లాడుకుంటాం, అదీ డీజే దొరక్కపోతే.

సంఘానికి డబ్బు లేదనడానికి వీల్లేదు. పక్కనే బాలాపూర్. అక్కడి గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు వేలం పాడారు, 2024లో 30 లక్షల వెయ్యికి. ఆ సొమ్ము ఊరి పనులకే పోతుంది. ఒక ఏడాది పాటలో కొసరు తీసినా ఊరి పేరు మీద డోళ్ళ జతలొస్తాయి. వాయించడానికి మనుషులు మాత్రం రాత్రిళ్ళు రావాలి.