మట్టికట్టకు కాపలా

1369లో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కడప సీమలోని పోరుమామిళ్లలో చెరువు కట్టించి, ఆ సంగతి శాసనంగా వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి 100 బండ్లు, రెండేళ్ల పని. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలనూ ఆ శాసనమే చెప్పింది. వాటిలో ఒకటి కట్టలోంచి నీరు ఊరడం. ఆరున్నర శతాబ్దాల తర్వాత కూడా పాత కట్టను చూడబోయిన ఇంజినీరు ముందుగా వెతికేది ఆ ఊటనే.

మట్టికట్టలో కొంత ఊట సహజం. అవతలి పాదం దగ్గర ఊరే నీటిని గ్లాసులో పట్టి కాసేపు ఉంచాలి. తేటగా ఉండి, రోజురోజుకీ పెరగకపోతే కట్ట కుదురుగా ఉన్నట్టు. అడుగున మన్ను పేరుకుంటే లోపల కోత మొదలైనట్టు. ఎలుక బొరియ, కుళ్లిన చెట్టు వేరు, పాత తూము పక్కన చిన్న సందు చాలు నీటికి. బుంగ పడ్డాక అది గండిగా మారడానికి కొన్ని గంటలే పట్టవచ్చు. చెరువును కాచే నీరటికాడు వానాకాలమంతా కట్టమీద తిరిగింది ఇందుకే.

పెద్ద ప్రాజెక్టులతో రెండో ముప్పు పెరిగింది. వరదను గేట్లు కిందికి వదలలేకపోతే నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. పొర్లే నీటికి మట్టి ఆగదు. 1958లో కడెం ప్రాజెక్టు కట్ట అలాగే తెగింది. తర్వాత గేట్లు పెంచి మళ్లీ కట్టారు. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అయిదు గేట్లలో ఒకటి ఆ వేళ లేవలేదు. పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లు ఇళ్లనూ మనుషులనూ పోగొట్టుకున్నాయి. మరుసటి జులైలో కడెంలోనూ 18 గేట్లలో ఒకటి మొరాయించింది, వరద గేట్లపైకెక్కింది. ఈసారి ఆనకట్ట నిలిచింది.

2021 డిసెంబరులో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. వానలకు ముందూ తర్వాతా తనిఖీ తప్పనిసరి అయింది. మంచిదే. కానీ చట్టం తనంతట తాను కట్టెక్కి చూడదు. కట్టమీది తుమ్మమొక్కను వేరు దిగకముందే పీకేందుకు, మృగశిర కార్తెకు ముందే ప్రతి గేటునూ ఒకసారి ఎత్తి దించేందుకు, ఊట రంగు మారిన రాత్రే పైవాళ్లకు కబురు చేసేందుకు ఒక మనిషి కావాలి. అతనికి నెలనెలా జీతం అందాలి. అతని కబురుకు విలువ ఉండాలి. కట్ట కింది ఊళ్లు నిద్రపోయేది ఆ మనిషి మేలుకుని ఉన్నాడన్న నమ్మకంతోనే.