కనబడని గాయమునకు కొలత యేది?

ఖరగ్‌పూరు రైల్వే కార్ఖానా, ఓల్డ్ సెటిల్‌మెంటు తెలుగు కుటుంబములు, నూరేండ్ల నష్టపరిహార చట్టము

మేదినీపుర మండలములోని ఖరగ్‌పూరు రైలు వలన పుట్టి రైలు వలన పెరిగిన పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, పందొమ్మిదవ శతాబ్ది ముగియుచుండగా ఇచ్చట జంక్షనును నెలకొల్పి, దాని చెంతనే ఇంజన్లను, పెట్టెలను, గూడ్సు బండ్లను మరమ్మతు చేయు పెద్ద కార్ఖానాను నిర్మించి, అందు పనిచేయువారికై వరుసలుగా క్వార్టర్లను కట్టించినది. విజయవాడ నుండి కటకము వరకు సాగిన తూర్పు తీరపు మార్గములో ఉత్తర భాగము 1902లో ఈ కంపెనీ వశమగుటతో, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలలో సేద్యము చాలక పని వెదకుకొను కుటుంబములకు ఖరగ్‌పూరు త్రోవ సుగమమైనది. అట్లు వచ్చి స్థిరపడినవారి మనుమలు, మునిమనుమలు ఓల్డ్ సెటిల్‌మెంటు మొదలగు రైల్వే వాడలలో నేటికిని ఇంట తెలుగు, వీధిలో బంగాళీ, హిందీ మాటలాడుచు జీవించుచున్నారు.

ఆ తొలి తరములవారి చరిత్ర చెప్పునప్పుడు వారి సమ్మెలను, సంఘములను, గుడులను, బడులను స్మరించుట పరిపాటి. వారి నడుములను, భుజములను, మోకాళ్లను గూర్చి చెప్పుట అరుదు. ఆవిరి ఇంజన్ల కాలమున బాయిలరు షాపులోని పని యెట్టిదనగా, ఎఱ్ఱగా కాలిన రివెట్లను సుత్తులతో బాదుచు, ఇరుకైన ఇనుప పీపాలలో గంటల తరబడి వంగి, ఆ మ్రోతకు చెవులొగ్గి నిలువవలసి యుండెను. ఖలాసీ బరువులెత్తెను, గ్యాంగుమన్ను ఎండలో, వానలో పట్టాల క్రింద కంకరను కుదించెను. ఇట్టి పనిలో తెగిన వ్రేలు అందరికిని కనబడును. జారిన వెన్నుపూస, నలిగిన నరము, అతికిన పిదపను పోటు మానని ఎముక ఎవ్వరికిని కనబడవు. గాయము మానిన తరువాతను మూడు నెలలు మించి నిలుచు నొప్పిని నేటి వైద్యులు దీర్ఘకాలిక వేదనగా పరిగణింతురు. ఆ వేదన పెక్కుసార్లు నరముల వ్యవస్థలోనే స్థిరపడి, ఎక్సురేలో జాడ చూపకయే మనిషిని క్రుంగదీయును.

రైలు లేవదీసిన వివాదము

ఈ కనబడని నొప్పి నిజమా, కల్పితమా యను వివాదము ఖరగ్‌పూరు పుట్టుకకు ముందే ఇంగ్లండులో రైలు మూలముననే తీవ్రమైనది. లండను యూనివర్సిటీ కాలేజీలో శస్త్రవైద్యాచార్యుడైన జాన్ ఎరిక్ ఎరిక్‌సన్, రైలు ప్రమాదములలో పైకి గాయము లేకున్నను వెన్నునొప్పితోను, బలహీనతతోను, నిద్రలేమితోను ఏండ్లకొలది బాధపడువారిని గూర్చి 1866లో ఉపన్యాసములను ప్రకటించి, కుదుపు వలన వెన్నుపామునకే హాని కలిగినదని వాదించెను. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేకు వైద్యుడైన హెర్బర్ట్ పేజ్ 1883లో దానిని ఖండించుచు, అట్టి లక్షణములకు మూలము వెన్నెముక యందు కాక భయమునందును, మనస్సునందును ఉన్నదనియు, పరిహారాశ కూడ వానిని పెంచుననియు వ్రాసెను. ఒకరు బాధితుల పక్షమున, ఒకరు కంపెనీ కొలువున నిలిచి చేసిన ఈ వాదము నాటితో ముగియలేదు. నొప్పి అనుచు వచ్చిన శ్రామికుని ముందుగా అనుమానించి, పిదప పరీక్షించు అలవాటు నేటి పరిహార వ్యవహారములలోను కానవచ్చును.

అవయవముల పట్టిక

భారతదేశమున శ్రామికుల నష్టపరిహార చట్టము 1923లో వెలువడి, 1924 జూలై 1 నుండి అమలునకు వచ్చినది. అంతకుముందు గాయపడిన కూలివాడు యజమాని తప్పును కోర్టులో నిరూపింపవలసి యుండగా, ఈ చట్టము తప్పెవరిదని అడుగక, పని కారణముగా, పని సమయమున కలిగిన ప్రమాదమునకు యజమానియే బాధ్యుడని పలికినది. ఇది సామాన్యమైన ముందడుగు కాదు. అయినను ఆ పరిహారమునకు చట్టము పెట్టుకొన్న కొలత అవయవముల పట్టిక. కుడిచేయి మోచేతి కడనో, పైననో పోయిన నూటికి 70 వంతులు, ఎడమచేయి అట్లే పోయిన 60, మోకాలి పైన కాలు పోయిన 60, ఒక కన్ను 30, బొటనవ్రేలు 25, చూపుడువ్రేలు 10, మిగిలిన వ్రేళ్లలో ఒక్కటి 5 వంతులు. సంతలో సరుకునకు ధర కట్టినట్లు శరీరమునకు ధర కట్టిన ఈ పట్టికలో నొప్పికి చోటు లేదు.

సంపూర్ణ శాశ్వత వైకల్యమునకు నలుబదిరెండు నెలల జీతము, లేక 3,500 రూపాయలు, ఏది తక్కువైన అది ఇచ్చుట నాటి నియమము. నెలకు ముప్పది రూపాయలు తెచ్చుకొను ఖలాసీకి బొటనవ్రేలు పోయినచో రమారమి 315 రూపాయలు చేతికి వచ్చును. వ్రేళ్లన్నియు నిలిచి నడుము మాత్రము వంగకుండ పోయినవానికి, తాత్కాలిక వైకల్యమని, పక్షమున కొకసారి నెలజీతములో నాల్గవ వంతు, అదియును గరిష్ఠముగా ఐదేండ్లు మాత్రమే. మొదటి పది దినములకు ఏమియు లేదు. ఈ నిరీక్షణ కాలము, శ్రామిక విషయముల రాయల్ కమిషను 1931లో చేసిన సిఫారసుల పిదప 1933లో ఏడు దినములకును, 1959లో మూడు దినములకును తగ్గినది.

చట్టము వ్రాతలో నున్నంత మాత్రమున కూలివానికి దక్కదు. అడిగి ఇప్పించు సంఘము కావలయును. ఖరగ్‌పూరు కార్ఖానా 1927లో సమ్మెతోను, ఉద్యోగుల తగ్గింపు పైని పోరాటముతోను దేశమంతట పేరుపొందినది. బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు ఆ దినములలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకులుగా నిలిచి, తరువాతి కాలమున 1952లో కేంద్ర కార్మిక మంత్రియు, 1969లో రాష్ట్రపతియు ఐరి. గాయపడిన కూలివాడు ఒంటరిగా అర్జీ పట్టుకొని నిలిచినప్పటికిని, సంఘము వెన్నంటి నిలిచినప్పటికిని గల భేదము ఆ తరమువారు అనుభవమున ఎరిగినదే.

చట్టములోనే ఉన్న అవకాశము

పట్టికలో లేని గాయమును చట్టము పూర్తిగా విడిచిపెట్టినదని తలచుట పొరపాటు. పట్టికలో చేరని గాయమునకు, దాని వలన శాశ్వతముగా నశించిన సంపాదన శక్తిని బట్టి పరిహారము లెక్కింపవలెనని 1923 నాటి పాఠములోనే కలదు. అనగా వైద్యుడు తేల్చవలసినది ఏ అవయవము పోయినదని మాత్రమే కాదు. ఈ మనిషి తాను నేర్చిన పనిని ఇక చేయగలడా అని కూడ. ఈ తత్త్వమును సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో స్పష్టపరచినది. సినిమా హాలులో అలంకరణ పనిచేయుచు పడి ఎడమచేయి పోగొట్టుకొనిన వడ్రంగికి పాక్షిక వైకల్యమే వర్తించునని యజమాని వాదింపగా, ఒంటి చేతితో వడ్రంగము సాగదు గనుక అతనికి కలిగినది సంపూర్ణ వైకల్యమే యని న్యాయస్థానము నిర్ణయించినది. పరిహారము ప్రమాదము జరిగిన నాడే చెల్లింపవలసిన బాకీ యగునని కూడ ఆ తీర్పు పలికినది.

వెన్నునొప్పితో సుత్తి ఎత్తలేని కమ్మరికిని, ముక్కాలిపీట పైనైన కూర్చుండలేని ఫిట్టరుకును ఈ తర్కము సమానముగా వర్తింపవలెను. రైల్వే వాడలలో అందరికిని తెలిసినవి సిక్ సర్టిఫికెట్టు, ఫిట్ సర్టిఫికెట్టు. ఫిట్ అయి డ్యూటీకి వచ్చినను నొప్పి పోనివాని స్థితిని ఆ రెండవ కాగితము చెప్పదు. అతడు లైట్ డ్యూటీ కోరిన సోమరియని తోటివారే అనుమానింతురు. కోరకున్న దెబ్బ ముదురును. ఇంట ఇల్లాలు వేడినీళ్లు కాచి, నూనె రాచి, తానును ఏదో పని చూచుకొని సంసారము నెట్టుకొనివచ్చును. పరిహారపు లెక్కలో ఆమె శ్రమ ఎన్నడును చేరలేదు.

శాశ్వతోద్యోగులకు తరువాతి శాసనములు కొంత రక్షణ కల్పించినవి. ఉద్యోగములో నుండగా వికలాంగుడైనవానిని తొలగింపరాదనియు, హోదా తగ్గింపరాదనియు, అదే జీతముతో అతడు చేయగల మరియొక పనికి మార్పవలెననియు 1995 నాటి వికలాంగుల చట్టము ప్రభుత్వ సంస్థలను ఆదేశించినది. 2016 చట్టము ఆ రక్షణను కొనసాగించినది. రైల్వేలో మెడికల్ అన్‌ఫిట్ అయినవాడు వీధిపాలు కాకుండ కాపాడునది ఇదియే. గుత్తేదారు క్రింద పనిచేయువానికి ఈ ఆశ్రయము లేదు. అయితే ప్రధాన యజమాని కూడ అతని పరిహారమునకు బాధ్యుడని 1923 చట్టమే చెప్పినది. ఆ చట్టము 2010 నుండి ఉద్యోగుల నష్టపరిహార చట్టమను పేరు దాల్చి, ఇటీవల 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో లీనమైనది.

చేయవలసిన పని

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 2022 జనవరి నుండి దీర్ఘకాలిక వేదనకు ప్రత్యేక స్థానమిచ్చినది. వైద్యశాస్త్రము గుర్తించిన దానిని పరిహార వ్యవస్థ గుర్తింపకుండుటకు ఇక కారణము లేదు. వైకల్య నిర్ణయము చేయు వైద్యులు కీళ్లు వంగు కోణములతో తృప్తిపడక, పనివాడు ఎంతసేపు నిలువగలడు, ఎంత బరువు ఎత్తగలడు, రాత్రి ఎంత నిద్రించుచున్నాడు అని విచారించి నివేదికలో వ్రాయవలెను. 2020 డిసెంబరులో పశ్చిమ వంగ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా స్థానము కల్పింప నిర్ణయించినది. ఆ గౌరవము కాగితమున నిలిచిపోక, ప్రమాద నివేదిక, పరిహారపు అర్జీ తెలుగులో లభించునంతవరకు రావలెను.

ఓల్డ్ సెటిల్‌మెంటులో నున్నను, అచ్చట పనిచేసి స్వగ్రామము చేరినను, పాఠకులకు చెప్పవలసిన మాట ఒకటి కలదు. డ్యూటీలో దెబ్బ తగిలిన నాడే, అది ఎంత చిన్నదిగా తోచినను, వ్రాతపూర్వకముగా తెలియజేయుడు. చికిత్స చీటీలను దాచుడు. అర్జీ పెట్టుటకు చట్టమిచ్చిన రెండేండ్ల గడువును జారవిడువకుడు. నివసించు చోటి అధికారి యెదుటనే అర్జీ వేయవచ్చునని మరువకుడు. కనబడని గాయమునకు పలుకుబడి కల సాక్షి ఆ నాటి కాగితమే.