జీఎల్‌పీ-1 చికిత్స (మధుమేహ మూత్రపిండ వ్యాధిలో)

జీఎల్‌పీ-1 భోజనానంతరం పేగుల్లోని ఎల్-కణాల నుంచి స్రవించే హార్మోను. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు ఇన్సులిన్‌ను హెచ్చించి, గ్లూకగాన్‌ను అణచి, ఆకలిని మందగింపజేస్తుంది. డీపీపీ-4 అనే ఎంజైము దీనిని ఒకటి రెండు నిమిషాల్లోనే విచ్ఛిన్నం చేస్తుంది కనుక, ఆ ఎంజైముకు లొంగకుండా మార్చిన లిరాగ్లూటైడ్, డులాగ్లూటైడ్, సెమాగ్లూటైడ్ మందులుగా వాడుకలో ఉన్నాయి.

ఈ హార్మోను ఆవిష్కరణ ఘనతపై భిన్నాభిప్రాయాలున్నాయి. తొలి రచనల్లో జోయెల్ హేబెనర్ పేరే ప్రధానంగా కనిపించినా, 1980లలో దాని క్రియాశీల రూపాన్ని గుర్తించడంలో స్వెత్లానా మోయిసోవ్, కోపెన్‌హాగెన్‌లో యెన్స్ హోల్స్ట్ చేసిన కృషిని తరువాతి రచనలు ఎత్తిచూపాయి. 2024 లాస్కర్ పురస్కారం హేబెనర్, మోయిసోవ్‌లతోపాటు, ఈ తరహా మందుల రూపకల్పనలో పాలుపంచుకున్న లోటె నూడ్సెన్‌కు ఉమ్మడిగా లభించింది.

మూత్రపిండాల రక్షణకు తొలి ఆధారాలు గుండెజబ్బుల పరీక్షల నుంచి పరోక్షంగా వచ్చాయి. లిరాగ్లూటైడ్‌పై జరిగిన లీడర్ అధ్యయనపు మూత్రపిండ ఫలితాల్లో (2017) ముప్పు 22 శాతం తగ్గినా, ఆ మేలు చాలావరకు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను అధికంగా పోవడం తగ్గినందువల్ల కనబడినదే కాబట్టి, దానిని తుది రుజువుగా పరిగణించడం కష్టం. మూత్రపిండ ఫలితమే ప్రధాన లక్ష్యంగా టైప్-2 మధుమేహం, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి రెండూ ఉన్న 3,533 మందిపై నడిచిన ఫ్లో అధ్యయనం (2024) ఇంతకంటే బలమైనది. మూత్రపిండ వైఫల్యం, మూత్రపిండాలు రక్తాన్ని వడపోసే రేటు సగానికి పడిపోవడం, మూత్రపిండ లేదా గుండె, రక్తనాళాల కారణాలతో మరణం కలిపి లెక్కించగా, వారానికి 1 మి.గ్రా. సెమాగ్లూటైడ్ పొందినవారిలో 331, ఉత్తుత్తి మందు పొందినవారిలో 410 ఘటనలు నమోదయ్యాయి. అంటే ముప్పు 24 శాతం తగ్గింది. వడపోత రేటు ఏటా తరిగిపోయే వేగం కూడా 1.16 యూనిట్ల (నిమిషానికి, 1.73 చ.మీ. శరీర ఉపరితలానికి మి.లీ.) మేర తగ్గింది. 2025 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ ప్రయోజనానికి సెమాగ్లూటైడ్‌ను అనుమతించింది.

ఈ రక్షణ ఎలా కలుగుతుందో పూర్తిగా తేలలేదు. చక్కెర, బరువు, రక్తపోటు తగ్గడం కొంత కారణమైనా, వాపు తగ్గడం, మూత్రం ద్వారా సోడియం ఎక్కువగా పోవడం కూడా తోడవుతాయని భావిస్తున్నారు. మధుమేహానికి వాడే మరో తరగతి మందులైన ఎస్‌జీఎల్‌టీ-2 నిరోధకాలతో కలిపి వాడినప్పటి అదనపు ప్రయోజనంపై ఆధారాలు పలుచనే. ఫ్లోలో మొదటినుంచే వాటిని వాడుతున్నవారు దాదాపు 16 శాతమే. వాంతులు, విరేచనాల వల్ల ఒంట్లో నీరు తగ్గితే, మూత్రపిండాల పనితీరును సూచించే క్రియాటినిన్ రక్తంలో పెరగవచ్చు కాబట్టి, మోతాదును మెల్లగా పెంచుతారు.