ఇద్దరుంటేనే వేట

ఫ్లోరిడా కొసన కీ వెస్ట్‌లో ‘టార్పన్’ సినిమా తీసి యాభై ఏళ్లు దాటిపోయాయి. గంటలోపు ముగిసే ఆ డాక్యుమెంటరీలో కథ లేదు. కొందరు స్నేహితులు, చిన్న పడవలు, దీవుల మధ్య వెచ్చటి లోతులేని సముద్రం, అందులో మనిషంత చేపలు. అంతే. ఉప్పునీటిలో ఈకల ఎరతో సాగే వేటను ఇంత ప్రేమగా చూపిన చిత్రం ఇంకోటి నాకు తెలియదు.

ఈకల ఎర అసలు ఏటి సరుకు. సుమారు 1,800 ఏళ్ల కిందట ఏలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియా జాలర్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు కట్టి, పురుగని చేపల్ని భ్రమపెట్టేవారని రాశాడు. ఆపైన వెయ్యేళ్లకు పైగా ఈ వేట ఊసు అరుదు. 1496లో ఇంగ్లండులో గాలపు వేట మీద ఒక గ్రంథం అచ్చయింది. 1653లో ఐజాక్ వాల్టన్ పుస్తకం వచ్చింది. అవన్నీ నదుల, వాగుల ముచ్చట్లే.

వెచ్చటి సముద్రంలో కథ 1885లో మలుపు తిరిగింది. ఫ్లోరిడా పడమటి తీరాన పుంటా రాసా దగ్గర డబ్ల్యూ. హెచ్. వుడ్ గాలపు కర్రతో 93 పౌన్ల టార్పన్‌ను ఒడ్డుకు తెచ్చాడు. అంతవరకు అది బల్లేనికి దక్కే చేప. కబురు పాకింది, ధనికులు బయల్దేరి వచ్చారు. టార్పన్ మాంసం నిండా ముళ్లు, తినేవాళ్లు తక్కువ. అయినా పట్టి, చంపి, రేవులో వేలాడదీసి ఫొటోలు దిగేవారు. అరచేయంత పొలుసు ఒకటి గుర్తుగా దాచుకునేవారు. టెక్సస్‌లోని పోర్ట్ అరాన్సస్‌లో టార్పన్ ఇన్ గోడ మీద అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1937లో సంతకం చేసిన పొలుసు కూడా ఉంది.

1912లో కీ వెస్ట్ దాకా రైలు వచ్చింది. 1935 తుపాను ఆ దారిని తెంపేసింది. 1938లో ఆ వంతెనల మీదుగానే రోడ్డు పడింది. 1947లో ఆ దారిలోని ఐలమొరాడా దగ్గర గైడ్ జిమ్మీ ఆల్‌బ్రైట్ పడవలో జో బ్రూక్స్ ఈకల ఎరతో బోన్‌ఫిష్ అనే చేపను పట్టాక, ఈ వేట సముద్రంలోనూ నిలదొక్కుకుంది.

ఇక్కడ ఆగి చెప్పాల్సింది 1970ల మొదటి ఏళ్ల గురించి. రచయితలు టామ్ మెక్‌గ్వేన్, జిమ్ హారిసన్, రిచర్డ్ బ్రాటిగన్, చిత్రకారుడు రస్సెల్ చాథమ్, గీ దె లా వల్డేన్ కీ వెస్ట్‌లో కలిసేవారు. చాలామంది ముప్పైల్లో ఉన్నవాళ్లే. వాళ్లతో తిరిగే పాటగాడు జిమ్మీ బఫెట్‌కు అప్పటికింకా పెద్ద పేరు రాలేదు. 1973లో వల్డేన్, క్రిస్టియన్ ఒడాసోతో కలిసి ఈ బృందాన్నే సినిమాగా తీశాడు, సంగీతం బఫెట్ ఇచ్చాడు. అదే ఏడు మెక్‌గ్వేన్ నవల ‘నైంటీ టూ ఇన్ ద షేడ్’ వెలువడింది. ఈ నీళ్లలో గైడ్ కావాలని పట్టుబట్టిన కుర్రాడి కథ అది. తర్వాత బఫెట్ చెల్లెలు లారీని మెక్‌గ్వేన్ పెళ్లాడాడు.

ఈ వేటను ఒక్కడే చేయడం చాలా కష్టం, అందుకే ఇది నాకు ఇష్టం. ఈకల ఎరకు బరువుండదు. బరువంతా తాడుదే. కర్రతో ఆ తాడును ముందుకీ వెనక్కీ ఊపి, ఎరను అరవై అడుగుల దూరానికి చేర్చాలి. చెయ్యి అందులో ఉంటే పడవ నడిపేదెవరు? ఇంజన్ ఆపేస్తారు. గోదావరి పాయల్లో గెడ వేసినట్టు, వెనక నిలబడ్డవాడు చప్పుడు కాకుండా గెడతో పడవను నెడతాడు. చేపను ముందు పసిగట్టేదీ చాలాసార్లు అతడే. ‘పదకొండు గంటల దిక్కున, ఎడమకు వెళ్తున్నాయి’ అంటాడు. ఆ మాటను నమ్మి ముందున్నవాడు ఎర విసరాలి. టార్పన్ గాలి మింగడానికి పైకి తేలి ఒరిగినప్పుడు వెండి మెరుపు కనిపిస్తుంది. దాని నోరు ఎముకంత గట్టి, గాలం సులువుగా దిగదు. దిగిందా, చేప నిలువునా గాల్లోకి లేస్తుంది. అప్పుడు కర్రను దాని వైపు వంచి తాడు వదులు చెయ్యాలి. బిగించి పట్టుకుంటే తాడు తెగుతుంది.

సినిమాలో స్టీవ్ హఫ్, గిల్ డ్రేక్, వుడీ సెక్స్‌టన్ లాంటి గైడ్లు కనిపిస్తారు. పర్యాటకుల పడవ మీద చేపల్ని బాది చంపే దృశ్యాలూ ఉన్నాయి. వాటి పక్కనే, ఎంతోసేపు పోరాడి దగ్గరికి తెచ్చిన టార్పన్‌ను వదిలేసే మిత్రులు. వేటగాడి మర్యాదంటే ఏమిటో ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఆ తర్వాతి చరిత్ర ఒక దారిన సాగదు. 1984లో బ్రాటిగన్, 2016లో హారిసన్, 2019లో చాథమ్, 2023లో బఫెట్ వెళ్లిపోయారు. గైడ్ల పడవలు పెరిగాయి, నీటి స్కూటర్లు వచ్చాయి. 1987లోనూ 2015లోనూ ఫ్లోరిడా అఖాతంలో సముద్రపు గడ్డి విస్తారంగా చచ్చిపోయింది. బోన్‌ఫిష్ మేత తిరిగే చోటు అదే. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల నుంచి రావాల్సిన మంచినీరు తగ్గి ఉప్పు మితిమీరడం అందుకు పెద్ద కారణం. 2013లో ఫ్లోరిడా ప్రభుత్వం బోన్‌ఫిష్‌నూ టార్పన్‌నూ పట్టి వదిలేయాల్సిన చేపలుగా ప్రకటించింది. 1973లో ఆ మిత్రులు తమంతట తామే పాటించినది నలభై ఏళ్లకు చట్టమయింది.

చట్టం చంపడాన్ని మాత్రమే ఆపగలిగింది. దక్షిణ ఫ్లోరిడాలో 93 బోన్‌ఫిష్‌లను పరీక్షించిన ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు, ఒక్కో చేపలో సగటున ఏడు మందుల జాడలు కనుక్కున్నారు. వాటిలో గుండె మందులున్నాయి, మనోవ్యాకులతకు వాడేవీ ఉన్నాయి. శుద్ధి సరిగా జరగని మురుగునీటితో అవి సముద్రంలో కలుస్తున్నాయి. ఎంత జాగ్రత్తగా గాలం తీసి వదిలినా చేప మళ్లీ ఆ నీళ్లలోకే పోవాలి. అందుకే ఇప్పుడక్కడి గైడ్లు, పరిశోధకులు కలిసి మురుగు శుద్ధి కేంద్రాలను మెరుగుపరచాలని అడుగుతున్నారు.