పక్క బొక్కలు విరిగితే

సింగరేణి గోలేటి బొగ్గుగని ఇంక్లైన్లలో పనిచేసినవాళ్లను ఎవర్ని కదిలించినా రూఫ్ ఫాల్ (పైకప్పు కూలడం), సైడ్ ఫాల్ (పక్క గోడ కూలడం) అన్న మాటలు వస్తాయి. వీపు మీద బండ పడ్డా, బొగ్గు టబ్బుకూ గోడకూ మధ్య మనిషి నలిగినా దెబ్బ తినేవి పక్క బొక్కలు, అంటే పక్కటెముకలు.

సింగరేణి తవ్వకం 1889లో ఇల్లందులో మొదలైంది. అప్పటికి ఎక్స్‌రే లేదు, రాంట్‌జెన్ దాన్ని కనుక్కున్నది 1895లో. చేత్తో తడిమి, ఊపిరి పీల్చినప్పుడు కిర్రుమంటే విరిగిందనుకునేవారు. వైద్యం ఛాతీ చుట్టూ బిగించే కట్టు. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టును నమ్మే మనకు అందులో వింతేముంది? కానీ ఊపిరాడినంతసేపూ పక్కటెముక కదలాల్సిందే. కట్టు నొప్పితోపాటు ఊపిరినీ తగ్గించేది. దగ్గలేక కఫం లోపలే నిలిచి న్యుమోనియా పట్టేది. ఏళ్లకొద్దీ బొగ్గుదుమ్ము పీల్చిన ఛాతీకి అది మరింత చేటు.

వరసగా మూడు, అంతకుమించి ఎముకలు రెండేసి చోట్ల విరిగితే ఆ ముక్క వేరుపడి, ఊపిరి పీల్చినప్పుడు లోపలికి పోతుంది. 1956లో అమెరికాలో ఏవరీ, మోర్క్, బెన్సన్ అనే డాక్టర్లు దీనికి వెంటిలేటర్ వాడారు. గాలి ఒత్తిడే లోపలి నుంచి ఛాతీని నిలబెడుతుందని వాళ్ల లెక్క. ఆ తరవాత ప్రతివాడికీ గొంతులో గొట్టం వేసి మిషను పెట్టడం అలవాటైపోయింది. 1975లో ట్రింకిల్ బృందం దాన్ని ప్రశ్నించింది: అసలు చిక్కు ఎముక కింద కమిలిన ఊపిరితిత్తిది, అందరికీ మిషను అక్కర్లేదు అని.

తీవ్రతకు అంకె దొరికింది 2000లో. అరవై అయిదు దాటినవాళ్లలో విరిగిన ఒక్కో అదనపు ఎముకకూ చావు ముప్పు 19 శాతం, న్యుమోనియా ముప్పు 27 శాతం పెరిగాయని బల్గర్ బృందం చూపింది. 2002లో జపాన్‌లో తనకా బృందం, ముక్క వేరుపడ్డ ఛాతీకి ఆపరేషన్ చేసి ఎముకల్ని బిగిస్తే వెంటిలేటర్ రోజులు తగ్గాయని తేల్చింది.

ఒక్క ఎముకే అయితే డాక్టరు మాత్రలిచ్చి పంపేస్తాడు. ఆరు వారాల్లో అతుకుతుంది. మన చట్టం మాత్రం గనిలో ఏ ఎముక విరిగినా తీవ్ర గాయంగానే లెక్కిస్తుంది. నా ఓటు చట్టానికే. తట్టాచెమ్మస్ (తట్ట, పార) మోసేవాడికి ఒక్క ఎముకైనా చిన్నది కాదు.

ఇప్పటి వైద్యమల్లా నొప్పి తగ్గించడం, ఊపిరి ఆడించడం. నొప్పి మరీ ఎక్కువైతే వీపులో మత్తు ఇంజెక్షన్. నిటారుగా కూర్చుని, దిండును పక్కకు అదిమిపట్టి దగ్గాలి. ఊపిరి కసరత్తుకిచ్చే మూడు బంతుల స్పైరోమీటరు గొట్టం పీల్చి బంతుల్ని పైకి లేపాలి. మొదటి ఎక్స్‌రే బాగుందని ఇంటికి పోయినా, ఆయాసం వస్తే మళ్లీ తీయించాలి. గాలి, నెత్తురు ఛాతీలో ఆలస్యంగానూ చేరొచ్చు.