అడ్డం బొమ్మ, నిలువు ఫోను

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఓ అలవాటుంది. ప్రతి సమస్యా మనతోనే పుట్టిందనుకుంటాం. యాప్‌లో వీడియోని ఫుల్‌స్క్రీన్ చేస్తే తెర అడ్డం తిరగాలి, బయటికొస్తే నిలువవ్వాలి, మధ్యలో బొమ్మ ఆగకూడదు. ఈ మూడు ముక్కల కోసం రాత్రిళ్ళు కూర్చున్నవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. కానీ బొమ్మ ఒక ఆకారం, తెర ఇంకో ఆకారం అయితే ఏం చెయ్యాలనే గొడవ మన తాతల నాటిది.

అమెరికాలో టీవీలు ఇళ్ళలోకొచ్చి, సినిమా లాగే 4:3 బొమ్మ చూపించడంతో హాళ్ళకి జనం తగ్గారు. దానికి హాలీవుడ్ జవాబు 1953లో 'ది రోబ్'తో వచ్చిన సినిమాస్కోప్. ఫిల్ము పాత 35 ఎం.ఎం.దే. కెమెరా లెన్సు బొమ్మని అడ్డంగా సగానికి నొక్కేస్తుంది, హాల్లో ప్రొజెక్టర్ లెన్సు మళ్ళీ సాగదీస్తుంది. ఎన్‌కోడ్, డీకోడ్ అన్నమాట!

హిందీలో ఇది 1959లో 'కాగజ్ కే ఫూల్'తో వస్తే, తెలుగులో 1974లో కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు'తో వచ్చింది. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామిగారు. 1986లో 'సింహాసనం' తెలుగుకి 70 ఎం.ఎం. తెచ్చింది. ఆ రోజుల్లో పెద్ద తెరే హాలుకి పరువు. మారేడ్‌పల్లి వాళ్ళకి దగ్గర్లోనే సంగీత్ ఉండేది. హాలు పోయింది, చౌరస్తాకి మాత్రం ఆ పేరు మిగిలింది.

ఇంతకీ గొడవ ఎక్కడంటే, స్కోప్ సినిమా టీవీలో వేసినప్పుడు. 2.35 వెడల్పు బొమ్మ 1.33 తెరలో పట్టాలంటే రెండే దారులు. పక్కలు కోసేస్తే నూటికి 43 వంతుల బొమ్మ పోతుంది. పైనా కిందా నల్ల పట్టీలు వేస్తే అదే 43 వంతుల తెర పోతుంది. లెక్క ఒకటే, కానీ మొదటిదాంట్లో దర్శకుడు చూపించాలనుకున్న మనిషిని టీవీ వాడు తీసేస్తాడు. ప్రేక్షకుణ్ణి ఎవరూ అడగరు.

ఫోను వచ్చాక మూడో దారి దొరికింది: తెరనే తిప్పేయడం. 16:9 ఫోనుని నిలువుగా పట్టుకుంటే 16:9 వీడియోకి దక్కేది తెరలో మూడో వంతు కూడా కాదు. తిప్పితే మొత్తం దక్కుతుంది. 2007లో ఐఫోన్ సెన్సరుతో ఇది చేసి చూపించింది. ఆండ్రాయిడ్ మాత్రం తెర తిరగ్గానే యాక్టివిటీని చంపి మళ్ళీ పుట్టిస్తుంది. నిలువుకో లేఅవుటు, అడ్డానికో లేఅవుటు ఉండొచ్చు కాబట్టి అది సబబే. కానీ ప్లేయరు యాక్టివిటీతో పాటే పోతే వీడియో మొదటికొస్తుంది. అందుకే ప్లేయర్ని బయట బతికించాలి, లేదా ఆ మార్పుని మనమే చూసుకుంటామని మ్యానిఫెస్టులో చెప్పాలి.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. నా అభ్యంతరం వేరే. పడుకుని ఫోను చూసే జనం ఆటో రొటేట్ ఆపేసుకుంటారు. అది వాళ్ళు తెలిసి ఇచ్చిన ఆజ్ఞ. 'సెన్సర్ ల్యాండ్‌స్కేప్' అని రాస్తే ఆ తాళాన్ని పట్టించుకోకుండా తెర అటూ ఇటూ పల్టీ కొడుతుంది. 'యూజర్ ల్యాండ్‌స్కేప్' అంటే తాళానికి కట్టుబడి ఉంటుంది. తేడా ఒక్క మాట, మర్యాద మాత్రం చాలా తేడా.

బటన్ నొక్కితే అడ్డం తిప్పండి, అది అనుమతే. కానీ వెంటనే పట్టు వదిలితే, ఫోను ఇంకా నిలువుగానే ఉంది కాబట్టి తెర వెనక్కి తిరిగిపోతుంది. అసలు వదలకపోతే మనిషి ఫోను నిలబెట్టినా బయటికి రాదు. చెయ్యి నిజంగా అడ్డం తిరిగేదాకా ఆగి అప్పుడు వదలాలి, అదీ తాళం వేసి లేకపోతేనే. నిలువుగా తీసిన వీడియో అయితే అసలు తిప్పకూడదు.

2025లో వచ్చిన ఆండ్రాయిడ్ 16, దాన్ని లక్ష్యంగా కట్టిన యాప్‌లు ట్యాబ్లెట్ల లాంటి పెద్ద తెరల మీద "అడ్డంగానే ఉండు" అంటే వినడం మానేసింది, ఆటలకి తప్ప. మంచిదే. ఫుల్‌స్క్రీన్ అంటే అడ్డం అని కాదు, ఉన్న తెరంతా అని. టీవీ రోజుల్లో ప్రేక్షకుడి చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు తెరే అతని చేతిలో ఉంది. దాన్ని మళ్ళీ మనం లాక్కుంటే ఎలా?