పట్టా కుంట

రైతు తన పట్టా భూమిలో ఒర్రెకు (చిన్న వాగుకు) అడ్డంగా మట్టికట్ట పోసి వాననీటిని నిలుపుకునే చిన్న జలాశయం పట్టా కుంట. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని రాయికోడ్ వంటి మండలాల్లో మంజీర నది దగ్గర్లోనే పారుతున్నా, ఆ నీరు మిట్ట చేలకు ఎక్కదు. అక్కడ వాగులు, కుంటలు, బావులే ఆధారం.

సొంత సొమ్ముతో చెరువు కట్టించడం తెలుగునాట పాత ఆచారం. అలా కట్టించిన లేదా బాగుచేయించిన వారికి ఆయకట్టు ఆదాయంలో పదో వంతుకు సరిపడే మాన్యం దక్కేది. దాన్నే దశబంధం అన్నారు. ప్రతిగా మరమ్మతుల బాధ్యత వారిదే. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువుకు పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను చెప్పింది. కట్ట నుంచి నీరు ఊరడం ఆ దోషాల్లో ఒకటి.

రాయికోడ్ నల్లరేగడికి ఈ హెచ్చరిక బాగా వర్తిస్తుంది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఎండాకాలపు నెర్రెల్లోకి తొలి వరద చేరితే కట్ట లోపల సన్నని దారి పడి, మట్టి కోసుకుపోతుంది. అందుకే నీటిని ఆపే రేగడిని కట్ట నడుమ పొరలు పొరలుగా తడిపి దిమ్మిస చేసి, పైన మొరం కప్పాలి. నీటివైపు వాలుకు రాళ్లు పేర్చాలి. ఎలుక బొరియలు, చెట్ల వేళ్లు కూడా నీటికి దారి చూపుతాయి.

అయినా కుంటకు ప్రాణం అదనపు నీటిని బయటికి వదిలే మత్తడే. నీరు కట్ట మీదుగా పొర్లితే మట్టికట్ట నిలవదు. ఎక్కువ నీరు నిలపాలన్న ఆశతో మత్తడిని ఎత్తు చేయడం అన్నిటికన్నా ప్రమాదకరం. ఒకదాని కింద ఒకటిగా ఉండే గొలుసుకట్టు చెరువుల్లో ఒక కట్ట తెగితే ఆ వరద కింది కట్ట మీద పడుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరదకు ముందు ఎగువన 221 చెరువులు తెగాయని ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య నమోదు చేశారు.

భూమి పట్టాదారుదే కావచ్చు గానీ, ఒర్రె నీటిలో కింది వారికీ వాటా ఉంటుంది. ఊరి చెరువుల్లో తూము తీసి మూసే పని నీరటిది. నీరు తక్కువైన ఏడాది ఎంత భూమి తడపాలో రైతులు కూర్చుని తైబందీ వేసుకునేవారు. పట్టా కుంటకు అలాంటి కట్టుబాటు లేనిచోట తగాదాలు పుడతాయి.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన కట్టలకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల కట్టలకు వర్తిస్తుంది. పట్టా కుంటల్లో దాదాపు అన్నీ అంతకన్నా చిన్నవి. కాబట్టి వాటి భద్రత చాలావరకు యజమాని చేతిలోనే ఉంటుంది. మిరుగుకు (మృగశిర కార్తెకు) ముందే మత్తడి కాలువలో ముళ్లకంప తీసి, నెర్రెలు పూడ్చి, తొలి వానకు కట్ట వెనుక ఊట పడుతోందేమో చూసుకోవాలి. ఊట నీరు తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండాలి. బురదగా వస్తే మాత్రం కింది వారికి వెంటనే కబురు పంపాలి.